గుంట మీది పలక

జొన్నరొట్టె మళ్ళీ పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చింది.

పళ్ళెంలో రొట్టె, పక్కన ఉల్లికారం, మీద కప్పిన గుడ్డ. దేనికీ చెయ్యి తగలలేదు. బాలమణి పళ్ళెం తెచ్చి పొయ్యి దగ్గర పెట్టింది. పెట్టడంలో చప్పుడు కాస్త ఎక్కువే అయింది. అయితే అవనీ అనుకుంది.

లోపలి గదిలో పాత మగ్గం పక్కన ఆమె అత్త యల్లమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. గుడారంలో సినిమా చూసి వచ్చిన రాత్రి పడుకున్న మనిషి, మంచినీళ్ళు తప్ప ఇంతవరకు ఏమీ ముట్టలేదు. "నా కోడలు నన్ను మాఫ్ చేసిన అనాలె. అన్నంకనే తింట. లేకుంటె ఇట్లనే పోత" అని ఒక్క మాట అని పడుకుంది. ఆ మాట ఇప్పుడు భవాని పేట్‌లో ఆ సందు సందంతా తిరుగుతోంది. నీళ్ళ నల్లా దగ్గర అదే, బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అరుగుల మీదా అదే.

పక్కింటి గంగుబాయి గుమ్మంలోకి వచ్చి పళ్ళెం వైపు చూసింది.

"ఇయ్యాల గూడ తినలేదా?"

"తినలేదు."

"అయ్యో పాపం, ముసల్ది."

బాలమణి చాట ఒళ్ళోకి లాక్కుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. పాపం అనే మాట ఆ సందులో ఒక్కటే ఉన్నట్టుంది, ఒకరి దగ్గర ఉంటే ఇంకొకరికి దొరకదు. నిరుడు వానాకాలంలో బిడ్డను పోగొట్టుకున్నప్పుడు బాలమణికి అది దొరకలేదు. ఇప్పుడు ఆ బిడ్డ చావుకు తానే కారణమని ఒప్పుకున్న అత్తకు మాత్రం అడగకుండానే దొరికింది.

"ఒక్క మాట అనేస్తె అయిపాయె గదనే" అంది గంగుబాయి. "నోటి మాటే గద. ఏం బరువు?"

"బరువు లేకుంటె నువ్వే అను అక్కా."

"నేనంటె ఏమైతది? బిడ్డ నీది."

"ఆఁ. ఇప్పుడు నాది."

గంగుబాయికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఏడాది కింద ఇదే గుమ్మంలో నిలబడి, "తల్లికే పట్టింపు లేకుంటె ఇంకెవరికుంటది" అన్న మనిషి ఆమె. పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు గబగబా వెళ్ళిపోయింది.

బాలమణి కత్తిరించిన ఆకులో తంబాకు పోసి చుట్టింది, దారం కట్టింది. కట్టానా అని మళ్ళీ చూసింది. కట్టే ఉంది. అయినా విప్పి మళ్ళీ కట్టింది. ఏడాదిగా ఆమె చేతులు ఇట్లాగే ఉన్నాయి.

బిడ్డ గోదావరికి అప్పుడప్పుడే నడక వచ్చింది. నాలుగు అడుగులు వేసి కూలబడేది, కూలబడి నవ్వేది. ఇంట్లో గుంట మగ్గం. నేసేవాడు గుంటలోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చుంటాడు. చిన్నపిల్లలున్న ఇంట్లో మగ్గం దిగిన ప్రతిసారీ గుంట మీద పలక వేయడం తిండి తిన్నాక చెయ్యి కడిగినంత మామూలు సంగతి. వానలు పట్టినప్పుడు మరీ జాగ్రత్త, ఊట నీళ్ళు వచ్చి గుంట సగానికి నిండుతుంది. ఆ రోజు నేత లేదు. గుంటలో నీళ్ళున్నాయి. గోదావరి నిద్రపోతోంది. బాలమణి పలక వేసి బిందె తీసుకుని నల్లాకు వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో మొగుడు, అతని చేతుల మీద బిడ్డ. లోపల గుంట నోరు తెరుచుకుని ఉంది, పలక గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. ఉరికొచ్చిన జనమంతా అదే చూశారు. తల్లి పలక తీసి గోడకు పెట్టి, మళ్ళీ వేయడం మరిచి నల్లాకు పోయిందన్నారు. అందరూ ఒకే మాట అంటుంటే, వేశానన్న తన మాట మీద తనకే నమ్మకం పోయింది బాలమణికి.

మరి మొన్న అత్త నోట అసలు మాట వచ్చింది. అదీ ఎవరో అడిగితే కాదు, ఒక అరవ సినిమా చూసి.

మధ్యాహ్నం కాకముందే సిద్ధరాములు పెంటప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. బాలమణి మొగుడు సిద్ధరాములు మాటలు తక్కువ మనిషి. బిడ్డ పోయాక ఇంటి మగ్గం ముట్టలేదు. గుంట మీద పలక పరిచి మేకులు కొట్టేసి, కుంఠా నాకాలో పవర్‌లూమ్ కార్ఖానాలో రెండో పాళీకి, మధ్యాహ్నం షిఫ్టుకి, చేరాడు. పెంటప్ప సందుకు పెద్ద. వయసులో ఉండగా సేలం పోయి కొన్నాళ్ళు నేశాడు, అక్కడ నేర్చిన అరవం ఇన్నేళ్ళకు పనికొచ్చింది.

గుడారం వాడు తెలుగు బొమ్మ అని చాటింపు వేసి, రీళ్ళ పెట్టె మారిందని అరవ బొమ్మ వేశాడు. జనం గోల చేస్తే పెంటప్పే లేచి, "కూసోండ్రి, కత నేను చెప్త" అన్నాడు. చెప్పాడు కూడా, తెర మీది వాళ్ళకంటే గట్టిగా. ఒక లారీ తోలేవాడు. వాడి బండి కింద ఒక పిల్లవాడు పడి చనిపోతాడు. వాడు ఎవరికీ చెప్పకుండా పారిపోయి, ఏళ్ళ తర్వాత ఆ పిల్లవాడి తల్లి ఇంట్లోనే పనికి కుదురుతాడు. ఆమెకు నీళ్ళు తోడతాడు, కట్టెలు కొడతాడు, ఏదీ చెప్పలేడు. చివరికి ఒకనాడు కాళ్ళ మీద పడతాడు. "అమ్మా, నేనే అంటున్నడు" అని పెంటప్ప అరిచాడో లేదో, ఆడవాళ్ళ వైపు నుంచి యల్లమ్మ లేచి నిలబడింది. "నేనే! నేనే తీసిన పలక!" అంది. తెర మీద పాట మొదలైంది. ఎవరూ పాట వినలేదు.

"ఏం కోడలా, చాయ్ పోస్తవా?" అన్నాడు పెంటప్ప చాప మీద కూర్చుంటూ.

బాలమణి చాయ్ పోసి ఇచ్చింది. సిద్ధరాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"చూడు బిడ్డా, ఆ సినిమల తల్లి ఏం జేసింది? వాని నెత్తి మీద చెయ్యి వెట్టింది. లే నాయనా అన్నది. బస్, అంతే. ఆమెకు గూడ బిడ్డ పోయిండు గదా."

"ఆమెకు ఆట టైము అయిపోయింది మామా. దీపాలు వెయ్యాలె, జనం ఇండ్లకు పోవాలె. నాకేం తొందర?"

"పెద్దమనిషితోని గట్లనేనా మాట్లాడేది?" అన్నాడు సిద్ధరాములు.

"ఏడాది సంది మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్న."

పెంటప్ప చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. పంచాయితీలు చెప్పి చెప్పి ఆ చెయ్యికి అలవాటు. "సరే. యల్లమ్మది తప్పే. కావాలని జేసిందా? తన మనుమరాలు గాదా? ముసల్ది లోపట్లోపట ఎంత కుమిలిందో. ఇప్పుడు నోరిడిసి చెప్పింది. ఇంక నీకేం గావాలె?"

ఏం కావాలని ఆమెను అడిగిన మొదటి మనిషి పెంటప్పే. అడిగిన తీరు బాగాలేకపోయినా అడిగాడు. బాలమణి చాట పక్కన పెట్టింది.

"మార్కండేయ గుడిల మనోళ్ళంత కూడినప్పుడు చెప్పుండ్రి. బాలమణి గుంట మూసే నల్లకు పోయింది అని చెప్పుండ్రి. గంతే. నాకింకేం వద్దు."

"ఇంటి గుట్టు మల్ల బజార్ల వెట్టుడెందుకే?"

"నన్ను బజార్ల వెట్టిన్నాడు ఇది ఇంటి గుట్టు గాదా మామా?"

పెంటప్ప చాయ్ తాగాడు. చల్లారిందో ఏమో, ఒక్క గుక్కలో తాగేశాడు.

"మీకెరుక లేదు" అంది బాలమణి. గొంతు పైకి లేవలేదు. "పొయ్యి ఆర్పి మల్ల పోయి సూస్త. తలుపు గొళ్ళెం వెట్టి మల్ల సూస్త. కట్టిన బీడీ దారం విప్పి మల్ల కడత. నేను మూసిన్నా, మూయలేదా? పండుకుంటె అదే, లేస్తె అదే. మూసినట్టే యాదికొస్తది. మల్ల అందరి మాట యాదికొస్తది. నా చేతులే నాకు అబద్ధం చెప్తున్నయనుకున్న. బిడ్డ పోయిన దుఃఖం గూడ నన్ను సక్కగ ఏడ్వనియ్యలేదు మామా. ఏడుస్తె, సంపుకొని ఏడుస్తుందన్నరు."

సిద్ధరాములు గోడ వదిలి దండెం మీది అంగీ తీసి తొడుక్కున్నాడు. గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"అయిపోయినదాన్ని ఎంత తవ్వినా గంతే" అన్నాడు. "అవ్వ సచ్చిపోతె ఏం జేస్తవ్? ఇంకో పీనుగు నీ మీదికొస్తది."

పక్క ఇంట్లో మగ్గం టకటకా ఆడుతోంది. బాలమణి మొగుడి వంక చూసింది. అతను గుండీల వంకే చూసుకున్నాడు. ఇంకో పీనుగు అన్నాడు. అంటే మొదటిది ఇంకా తన లెక్కలోనే ఉందన్నమాట. పలక తీసింది నేనేనని అతని తల్లి మొత్తుకున్న తర్వాత కూడా.

"ఇంకో పీనుగా?" అంది మెల్లగా.

"నోరు జారింది."

"నీ నోరు జారదు. నీ నోట్ల మాటలే తక్కువ."

పెంటప్ప మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "జర ఆలోచన జెయ్యి కోడలా. మాఫ్ చేసినోళ్ళకే పుణ్యం" అని గుమ్మం దాటాడు. పుణ్యం ఊరికే పంచిపెట్టడంలో ఆ సందు పెద్దమనుషులకు సాటి లేదు. పంచేది ఎప్పుడూ పక్కవాళ్ళ మూటలోంచే.

బాలమణి చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. కోపం వస్తే బాగుండును. కోపానికి ఒక దారి ఉంటుంది, అరుస్తారు, పుట్టింటికి పోతారు. ఇది కోపం కాదు, విసుగు. లోపల పడుకున్న ముసలి మనిషి మీద జాలి కూడా ఉంది, అదే పెద్ద విసుగు. తన బిడ్డకు మొదట కాటుక పెట్టింది ఆ చేతులే. ఆ చేతులే పలక తీశాయి. ఈ రెండూ నిజమే అయినప్పుడు ఒక్క మాటలో ఏమని అంటారు?

లేచి రొట్టె వేడి చేసింది. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

మగ్గం మీద సగం నేసిన చీర నిరుటి నుంచి అట్లాగే ఉంది, పడుగు మీద దుమ్ము. కింద మేకులు కొట్టిన పలక. ఆ పలక మీద ఇంట్లో ఎవరూ కాలు పెట్టరు, చుట్టూ తిరిగి నడుస్తారు. బాలమణి చుట్టూ తిరిగి అత్త పక్కన కూర్చుంది.

"లే అత్తా. తిను."

యల్లమ్మ ఇటు తిరిగింది. కళ్ళు లోపలికి పోయాయి. "అంటవా?"

"ముందు నువ్వు చెప్పు. గుడారంల అరిసినవ్. ఇంటికొచ్చి ఏడ్సినవ్. ఇగ పండుకున్నవ్. ఆ నాడు ఏమైందో మొత్తం ఎన్నడు చెప్పినవ్? నాకు తెల్వనిదాన్ని ఏమని మాఫ్ చెయ్యాలె?"

"చెప్తె వింటవా?"

"వినేదానికే కూసున్న."

యల్లమ్మ వెల్లకిలా తిరిగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, ఎవరికో కాదు, పైకప్పుకే.

"ఆకు నానవెట్టి గోనెపట్టల సుట్టిన. బరువు వెడితెనే ఆకు మెత్తగ సాపుగ వస్తది, నీకెరుకే గదా. రోజు వెట్టే పీట గంగుబాయి తీస్కపోయింది. గుంట మీది పలక కనవడ్డది. పిల్ల పండుకున్నది గదా, జర్ర సేపే గదా అనుకున్న. తీసి ఆకు మీద వెట్టిన. పలక మీద రుబ్బే బండ వెట్టిన. వెట్టి బయటికొచ్చి అరుగు మీద బీడీలు జేసుకుంట కూసున్న."

"ఊఁ."

"సప్పుడు గాలేదు బిడ్డా. ఏ సప్పుడూ గాలేదు. అయితె నేను లేద్దునే. సప్పుడెందుకు గాలేదో, అదే నాకు..." ఆమె ఆగింది. బాలమణి పళ్ళెం రెండు చేతులా పట్టుకుంది.

"ఆకు నానిందా అని లోపలికి పోయి గుంటల పిల్లను సూసిన. సూసి ఎత్తలేదు. అది గూడ నా తప్పే. నాకు శాతగాలేదు. బయటికి ఉరికి సందుల అరిసిన. సిద్ధరాములు నూలు తూచే కాంటా కాడికెంచి వస్తుండె, వాడు లోపలికి ఉరికిండు. నేను అరుగు కాడ కూలవడ్డ. గంగుబాయి నన్ను పట్టుకున్నది. ఎవ్వరూ ఇంక లోపలికి పోలేదు. మల్ల వాడు పిల్లను ఎత్తుకొని గుమ్మంలకొచ్చిండు. నువ్వు బిందెతోని వచ్చినవ్."

బాలమణికి అంతా కనిపించింది. గోనెపట్టా, ఆకు, ఆకు మీద పలక, పలక మీద బండ. అవును, వేసే వెళ్ళింది తను. తన చేతులు అబద్ధం చెప్పలేదు. ఏడాదిగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాఫ్ చేసిన అనే మాట నిజంగానే నాలుక మీదికి వచ్చింది. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే అనేసేదే.

"పలక మల్ల ఎప్పుడు తీసినవ్ అత్తా?"

"ఏ పలక?"

"ఆకు మీది పలక. బండ కింది పలక. మల్ల తీసి గోడకు ఎప్పుడు నిలవెట్టినవ్?"

"నేనా? నేను మల్ల లోపలికే పోలేదంటి గదా. అరుగు కాడనే పడి ఉంటి."

"నేను వచ్చేటాలకు పలక గోడకున్నది."

యల్లమ్మ గోడ వంక చూసింది. "ఉన్నది" అంది. "నేను గూడ సూసిన. నువ్వు మరిసినవని అందరు అంటుండిరి. పలక గోడకెట్లొచ్చిందో నాకెరుక లేదు బిడ్డా. ఎరుక గావద్దనే అడగలేదు. దేవుడే నన్ను కాపాడిండనుకున్న."

"దేవుడు రుబ్బే బండ ఎత్తుతడా అత్తా?"

యల్లమ్మ చూపు కోడలి భుజం మీదుగా గుమ్మం వైపు పోయింది. బాలమణి తిరిగి చూసింది.

సిద్ధరాములు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సద్ది డబ్బా. పాళీకి పోతున్నానని చెప్పడానికి వచ్చాడో, ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్నాడు. మొహంలో మాత్రం ఏదీ ఉండాల్సిన చోట లేదు.

"నాకు టైమైతుంది" అన్నాడు.

"పలక ఎవరు జరిపిన్రు?"

"బాలమణీ, పాళీ తప్పుతది."

"లోపల నువ్వొక్కనివే ఉంటివి. ఇంకెవ్వరు లేరు. అత్త చెప్పింది ఇప్పుడే."

"ఆకు మీద పలక సూస్తె అవ్వను రాళ్ళతో కొడుదురే వాళ్ళు" అన్నాడతను. "అరుగు మీద కూసొని పిల్లను సంపిందని... ముసల్ది. తట్టుకోదు. నీవంటె వయసుల ఉన్నవ్. మరిచిపోతవనుకున్న. మల్ల పిల్లలైతరు, మరిచిపోతవనుకున్న."

యల్లమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుపు కాదు.

బాలమణి లేచింది. ఏడాదిగా చుట్టూ తిరిగి నడిచిన పలక మీదే కాలు పెట్టి, దాని మీది నుంచే గుమ్మం దాకా నడిచింది. కింద గుంట బోలుగా మోగింది. మొగుడి ముందు నిలబడి, పళ్ళెం ఇంకా చేతిలోనే ఉందని అప్పుడే చూసుకుంది.

ఏడాది పాటు ఈ మనిషి పక్కన పడుకుంది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి, "నేను మూసిన గదా, మూసిన గదా" అని అడిగితే, "పండుకో" అనేవాడు. మూసినవ్ అని ఒక్కసారి అనలేదు. తెలిసి అనలేదు.

"ఒక్కటి చెప్పు" అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను అత్తను ఏమంటనో, నిన్ను ఏమంటనో మల్ల సూద్దాం. ఒక్కటి చెప్పి పో. ముందు ఏం జేసినవ్? ముందు గుంటల కెంచి బిడ్డను ఎత్తినవా, ముందు పలక ఎత్తినవా?"

సిద్ధరాములు పెదవులు కదిలాయి. అప్పుడే మిల్లు భోంగా కూసింది. రెండో పాళీ భోంగా, సందంతా నింపుతూ, డబ్బాలు పట్టుకుని ఉరికే మనుషుల కాళ్ళ చప్పుడును కూడా మింగేస్తూ చాలాసేపు మోగింది.

భోంగా ఆగింది. అతని పెదవులు మూసుకునే ఉన్నాయి.

తిననని పట్టుబట్టి పడుకున్న యల్లమ్మ, రెండు చేతులూ నేలకు ఆనించి మెల్లగా లేచి కూర్చుంది.

"చెప్పు కొడుకా" అంది.